ఎందుకని అడగని ఆవిడ

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడేసి అంటారు. మొన్న ఆదివారం సన్నీవేల్‌లో ఆవిడ సంతాపసభకు వెళ్ళి, ఆ సామెత ఎంత నిజమో గంటన్నరసేపు కూర్చుని విన్నాను. ఒకాయన లేచి ఆవిడ సౌమ్యురాలన్నాడు. ఇంకొకావిడ కళ్ళొత్తుకుంటూ, ఎవరేమడిగినా కాదనే మాట ఆవిడ నోట రాలేదన్నది. హాలంతా తలలూపింది. నాకు ఒళ్ళు మండింది. లేచి వచ్చి పార్కింగ్ లాట్‌లో కార్లో కూర్చున్నాను. ఆవిడ బతుకంతా పోట్లాడి నిలబెట్టుకున్నది ఒకటే ఒకటి, కాదని చెప్పడం. మనిషి పోయి రెండు వారాలు కాలేదు, దాన్ని కూడా లాగేసుకున్నారు.

ఆ మాట అక్కడే లేచి చెప్పవలసింది. చెప్పలేదు గనక ఇక్కడ రాస్తున్నాను. పేరు రాయను. ఎనభైల్లో శాంటా క్లారా చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి రెండు పేరాలు చదివేసరికి మనిషి తెలిసిపోతుంది. తెలియనివాళ్ళకి పేరుతో పని లేదు.

ఆవిడ మత్తు డాక్టరు. తెనాలి వైపు మనిషి. నేను చూసేనాటికి నలభై అయిదు దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టి భుజాలతో, నడుం దిగిన జడతో ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లలో ఆడవాళ్ళు ఆరా తీస్తే, "చేసుకోలేదు" అని ఊరుకునేవారు. "అది కాదండీ, ఎందుకనీ" అని మళ్ళీ అడిగితే మళ్ళీ "చేసుకోలేదు". అదే మాట, అదే గొంతు. మూడోసారి అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. పెద్దవాళ్ళెవరైనా ఆంటీ అని పిలిస్తే, "పిల్లలు పిలిస్తే పిలవనీ, నీకు ముప్ఫై ఏళ్ళొచ్చాయి కదా" అనేవారు. నేను డాక్టరుగారూ అనేవాణ్ణి.

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆస్పత్రిలో మనుషుల్ని నిద్రపుచ్చి లేపేవారు. శనాదివారాలు వీపున గాలి సిలిండర్లు కట్టించి, చన్నీళ్ళలో మనుషుల్ని ముంచి తేల్చేవారు. రెండూ ఒకటే పనని ఆవిడ వాదన. "గాలి ఆడుతోందా లేదా చూసుకోవడమేగా" అనేవారు. ఆపరేషన్ బల్ల మీద ఉన్న రోగిని కూడా, మాస్క్ పెట్టేముందు, "ఇప్పటికైనా వద్దంటే చెప్పు, లేపి ఇంటికి పంపేస్తాను" అని అడిగేవారట. సర్జన్లు పళ్ళు నూరుకునేవారట. ఇది ఆవిడే నాకు సంతోషంగా చెప్పారు.

మన ఇళ్ళలో వడ్డన సంగతి తెలిసిందే. మొదటిసారి వద్దన్నది లెక్కలోకి రాదు. రెండోసారన్నది మర్యాద. మూడోసారికి గరిటె కాస్త ఆలోచిస్తుంది. ఆవిడ మొదటిసారే వద్దనేవారు, అదే ఆఖరు. గరిటె ఇంకా ముందుకొస్తే ప్లేటు పట్టుకుని లేచి వంటింట్లో పెట్టేసి వచ్చేవారు. ఒక ఇంట్లో అలా లేస్తే గులాబ్‌జామ్ కార్పెట్ మీద పడింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఆ ఇంటావిడ చాలాకాలం అందరితో చెప్పుకుంది.

ఆవిడ ఇంటికి భోజనానికి వెళ్తే అంతకన్నా ఘోరం. గిన్నెలన్నీ బల్లమీద పెట్టి, కావలసింది పెట్టుకోండని చెప్పి, తను ముందు తినడం మొదలుపెట్టేవారు. కొంచెం వేసుకోండి అనే మాట ఉండేది కాదు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను మర్యాదగా రెండు గరిటెలు పెట్టుకుని, ఇంకోసారి అడుగుతారు కదా అని కూర్చున్నాను. అడగలేదు. ఎదురుగా గుత్తివంకాయ కూర గిన్నె నిండుగా ఉంది. నా ప్రాణమంతా దాని మీదే ఉంది. ఇంటికి పోతూ దారిలో ఫ్రెంచ్ ఫ్రైస్ కొనుక్కుతిన్నాను. తర్వాత ఎప్పుడో ఈ సంగతి చెబితే, "అడగందే అమ్మైనా పెట్టదు. నేను మీ అమ్మను కూడా కాదు" అన్నారు.

ఆ ఇంట్లోనే బాత్రూంలో షవర్ కడ్డీకి ఆవిడ చన్నీళ్ళలోకి వేసుకునే వెట్‌సూట్ వేలాడుతుండేది. నల్లటి మందపాటి రబ్బరు బట్ట, తలకు తొడుక్కునే టోపీతో సహా. చేతులు కడుక్కోడానికి వెళ్ళిన ఒకావిడ ఎవరో ఉరేసుకున్నారనుకుని కెవ్వుమన్నది. ఈ వయసులో ఒంటికి అతుక్కునే ఆ బట్టలేమిటని ఆవిడ వెనక అందరూ అనుకునేవారు. ఒకాయన ఎదురుగానే అన్నాడు. "మీరు లుంగీతో దిగండి, చూద్దాం" అన్నారు ఆవిడ. జడ టోపీలో పట్టక నీళ్ళు లోపలికొస్తాయని, కత్తిరించుకోమని, ఆ సూట్లూ సిలిండర్లూ అమ్మే స్కూబా షాపువాళ్ళు చెప్పారట. జడను వీపు మీదుగా సూట్ లోపలికి దోపుకున్నారే గాని కత్తిరించుకోలేదు.

ఇంతకీ దిగేది ఎక్కడంటే, కాలిఫోర్నియా ఉత్తరాన షాస్తా పర్వతం దాటి ఇంకా పైకి పోతే, ఎప్పుడో లావా పారి గడ్డకట్టిన నల్లరాతి నేల వస్తుంది. ఒకచోట ఆ రాయి నిలువునా పగిలింది. పైన పది పన్నెండు అడుగుల వెడల్పు, ఓ ఫర్లాంగు పొడవు. కొండ మీద మంచు కరిగి, రాళ్ళలో వడకట్టుకుని వచ్చిన ఊటనీరు ఆ చీలిక నిండా ఉంటుంది. గట్టున నిలబడి చూస్తే నీళ్ళున్నట్టే తెలియదు, అడుగున రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. ఆగస్టులో కూడా చెయ్యి పెడితే నిమిషంలో ఎముకలు నొప్పి పుడతాయి. ఆ నేల ఒక ముసలి అమెరికన్‌ది. పశువుల్ని పెంచుకునేవాడు. శాన్ హోసేలో ఒక స్కూబా షాపువాళ్ళు, చీలిక చూడాలని అడిగినవాళ్ళని ఇద్దరిని, ముగ్గురిని ఆవిడకు అప్పగించేవారు. ఆవిడ దగ్గరుండి దింపి, చూపించి, తీసుకొచ్చేవారు.

నేను శాంటా క్లారాలో చిప్పుల కంపెనీలో ఇంజనీరుని. చిన్నప్పుడు కృష్ణా కాలవలో ఈత కొట్టిన ధీమాతో, స్విమ్మింగ్‌పూల్లో స్కూబా పాఠాలు నేర్చుకుని, మాంటెరే దగ్గర సముద్రంలో నాలుగుసార్లు మునిగి, సర్టిఫికెట్ కార్డు తెచ్చుకున్నాను. ఆ కార్డు చూపించి నన్నూ తీసుకెళ్ళమన్నాను. ఎనభై ఒకటిలో, ఎండలు తగ్గుతుండగా, ఇంకో ఇద్దరు అమెరికన్లతో కలిపి నన్ను తీసుకెళ్ళారు.

గట్టు మీద నిలబెట్టి ఆవిడ చెప్పిన పాఠం చాలా చిన్నది. బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని అర్థం. ఎవరెత్తినా అందరూ వెనక్కి తిరగాల్సిందే. ఎందుకెత్తావని ఎవరూ అడగకూడదు, పైకొచ్చాక కూడా. అడిగితే ఏమవుతుందని ఒక అమెరికన్ అడిగాడు. ఆవిడ అతనికి చెప్పి, నా కోసం తెలుగులో మళ్ళీ చెప్పారు.

"అడుగుతారని తెలిస్తే ఎవడూ వేలెత్తడు అబ్బాయ్. కారణం వెతుక్కుంటూ కూర్చుంటాడు. అది దొరికేలోపు పోతాడు."

నేను తలూపాను. ఇంత చిన్న సంగతికి అంత గట్టిగా చెప్పడమెందుకనుకున్నాను.

చన్నీళ్ళలో దిగేముందు వేళ్ళు మొద్దుబారకుండా గ్లవ్స్‌లో వేణ్ణీళ్ళు పోసుకుంటారు. ఆవిడ కారులో రెండు ఫ్లాస్కులు ఉండేవి. ఒకదాన్లో ఆ వేణ్ణీళ్ళు, రెండోదాన్లో పైకొచ్చాక తాగడానికి మిరియాల చారు. నేను తప్పు ఫ్లాస్కు తీశాను. ఎడం చేతి గ్లవ్ నిండాక ఇంగువ వాసన వచ్చింది. చెబితే ఆవిడ చారు పాడుచేసినట్టు తెలుస్తుంది, నా మూలంగా అందరికీ ఆలస్యమవుతుంది. అలాగే తొడుక్కుని దిగాను. పదడుగుల లోతులో మణికట్టు దగ్గర్నుంచి కరివేపాకు రెబ్బ ఒకటి బయటికొచ్చి మా ఇద్దరి మధ్య తేలింది. ఆవిడ దాన్ని చూశారు, నన్ను చూశారు. ఆవిడ నోటి గొట్టంలోంచి బుడగలు గుంపుగా పైకి పోయాయి. నవ్వారని అర్థమైంది.

నవ్వు అక్కడితో సరి. పదిహేను అడుగుల్లో నాకు చెవి నొప్పి మొదలైంది. ముక్కు మూసుకుని గాలి నెట్టినా తగ్గలేదు. ఆవిడ వెనక్కి తిరిగి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించారు. బాగానే ఉన్నావా అని అడగడం అది. నేనూ సున్నా చుట్టాను. ఇరవై అయిదు అడుగుల్లో మళ్ళీ అడిగారు. మళ్ళీ సున్నా చుట్టాను. చెవిలో సూది దింపినట్టుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, చెయ్యి మాత్రం సున్నా చుడుతూనే ఉంది. పైకొచ్చేసరికి మాస్క్‌లో రక్తం. ఆవిడ నన్ను రాయి మీద కూర్చోబెట్టి చెవిలోకి టార్చి వేసి చూశారు.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"దిగగానే."

"మరి సున్నాలెందుకు చుట్టావ్?"

"మీరు ఆరు గంటలు డ్రైవ్ చేసి తీసుకొచ్చారు కదండీ. నా మూలంగా ట్రిప్ పాడవుతుందని."

ఆవిడ టార్చి ఆర్పేశారు. ముఖం ఎర్రబడింది. "మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది. అందులో ఆడదానికి కడుపొస్తుంది. నీళ్ళలో అయితే మగవాడికైనా ప్రాణం పోతుంది. నీ ఒక్కడిదే కాదు, నిన్ను బయటికి లాగడానికొచ్చిన వాడిది కూడా. నాది."

"సారీ అండీ."

"నీ సారీ నాకెందుకు? వెళ్ళి కాదని చెప్పడం నేర్చుకో. అది వచ్చేదాకా నీతో నేను దిగను."

నాకు చాలా కోపమొచ్చింది. చెవి నొప్పితో ఉన్నవాణ్ణి పట్టుకుని ఇలా అంటారా అని దారి పొడుగునా ఉడికిపోయాను. కానీ తర్వాతి శనివారం పొద్దున్న ఫోన్ మోగింది.

"అబ్బాయ్, ఇవాళ వచ్చి మా లాన్ కోసి పెడతావా?"

"తప్పకుండా అండీ, ఎన్నింటికి రమ్మంటారు?"

ఫోన్ పెట్టేశారు. వెళ్ళాలో వద్దో తెలియక ఇంట్లోనే ఉన్నాను. పై శనివారం మళ్ళీ ఫోన్. ఈసారి, "అంటే, ఇవాళ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాలండీ, ఫ్రెండ్ వాళ్ళ బాబాయి వస్తున్నారు" అన్నాను. నిజంగా ఎవరి బాబాయీ రావడం లేదు. మళ్ళీ పెట్టేశారు. ఇలా నెలన్నర నడిచింది. నేను ఆస్పత్రికి, గుడికి, కారు రిపేరుకి, ఎన్నెన్ని చోట్లకి వెళ్ళానో లెక్కలేదు. చివరికి ఒక శనివారం విసిగిపోయి, "రాను" అన్నాను.

"సరే" అన్నారు ఆవిడ. ఫోన్ పెట్టేశారు.

నేను మాత్రం రిసీవర్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. అడిగితే చెప్పడానికి మూడు అబద్ధాలు సిద్ధంగా పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. ఆకాశం విరిగి మీద పడలేదు. ఆరోజు నాకు కలిగిన తేలికదనం ఇంతా అంతా కాదు. నాకు ఇరవై ఏడేళ్ళు. పుట్టి బుద్ధెరిగాక ఒక పెద్దమనిషితో కారణం చెప్పకుండా కాదనడం అదే మొదలు.

తర్వాత మూడేళ్ళలో ఆవిడతో ఏడెనిమిదిసార్లు దిగాను. కలిసి వచ్చినవాళ్ళు వేలెత్తినప్పుడల్లా తిరిగి వచ్చేశాం. నాకు మాత్రం ఎప్పుడూ ఎత్తే అవసరం రాలేదు. అక్కడికి పోతూ దారిలో ఒకసారి చీలిక చివరి గది గురించి చెప్పారు.

చీలిక పోగా పోగా సన్నబడి, పైన రాతికప్పు మూసుకుపోయి, ముప్ఫై అడుగులు గుహలాగా ఉంటుంది. అది దాటితే ఒక గది. దాని కప్పులో చిన్న పగులుంది. అక్టోబర్ మధ్యలో నాలుగైదు రోజులు, మధ్యాహ్నం పూట ఇరవై నిమిషాలు, ఎండ సరిగ్గా ఆ పగుల్లోంచి దూరి నీటి అడుగు దాకా దిగుతుందట. ఫిబ్రవరిలో కూడా దిగుతుంది గాని అప్పటికి దారి మంచులో మూసుకుపోయి ఉంటుంది. చూసినవాళ్ళు ఒకరిద్దరు ఆవిడకు చెప్పారు. ఆవిడ చూడలేదు. డెబ్భై ఏడు నుంచి ప్రతి అక్టోబరూ ప్రయత్నించారు. రెండేళ్ళు మబ్బు. ఒక ఏడు ఆవిడకు జలుబు. మిగిలిన నాలుగుసార్లూ తోడు వచ్చినవాడు దారిలో వేలెత్తాడు. ఆ నీళ్ళలో ఒంటరిగా ఎవరూ దిగరు. తిరిగి వచ్చేశారు.

"వాళ్ళ మీద కోపం రాలేదా?" అని అడిగాను.

"వచ్చింది. వస్తే?" అన్నారు.

ఎనభై నాలుగు అక్టోబరులో ఫోన్ చేశారు. ముసలాయన నేల అమ్మేశాడు. నవంబర్‌లో కొత్తవాళ్ళు కంచె వేస్తారు, ఇంక ఎవర్నీ దిగనివ్వరు. శనివారానికి మబ్బు లేదంటున్నారు.

"తోడు వస్తావా? ఇద్దరమే" అన్నారు. గొంతులో ఆశ దాచుకోలేదు. మూడేళ్ళలో మొదటిసారి ఆవిడ నన్ను నిజంగా ఏదైనా కావాలని అడగడం.

కాదనొచ్చు. కాదనాలని లేదు. వస్తానన్నాను.

ఆరోజు ఆకాశం కడిగి ఆరేసినట్టుంది. ముసలాయన గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పన్నెండున్నరకి దిగాం. నీళ్ళు అంత తేటగా ఉంటే ఈదుతున్నట్టుండదు, రెండు గోడల మధ్య గాలిలో వేలాడుతున్నట్టుంటుంది. ఆవిడ ముందు, నేను వెనక. గుహ మొదలయ్యే చోట, చీకట్లో తిరుగుదారి తప్పకుండా ఆవిడ తాడు కట్టారు. ఆ చీకటికి అవతలి కొసన, నీళ్ళలో, తెల్లగా వెలుగు మొదలవుతోంది. నాకు కూడా కనిపిస్తోంది. ఇంకో మూడు నిమిషాల దూరం.

నాకు భయం వేసింది.

గాలి సగానికి పైగా ఉంది. చెవులు బాగున్నాయి. చేతులు చల్లబడ్డాయి గాని వేళ్ళు కదులుతున్నాయి. సూట్‌లో చిల్లు లేదు. అన్నీ చూసుకున్నాను. ఏ కారణమూ దొరకలేదు. ఆ కప్పు కిందికి పోతే తిరిగి రానని మాత్రం గట్టిగా అనిపించింది. ఆవిడ వెనక్కి తిరిగి సున్నా చుట్టి చూపించారు. మాస్క్‌లో కళ్ళు చిన్నపిల్ల కళ్ళలాగా ఉన్నాయి. ఏడేళ్ళ ఎదురుచూపు, ఇదే ఆఖరి రోజు, మూడు నిమిషాలు. సున్నా చుట్టడానికి నా వేళ్ళు సగం వంగాయి కూడా.

బొటనవేలు ఎత్తాను.

ఆవిడ దాన్ని చూశారు. ఆవిడ వెనక వెలుగు ఇంకా పెరుగుతోంది. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు ఆగారేమో. తనూ బొటనవేలు ఎత్తి చూపించి, కట్టిన తాడు విప్పి, నన్ను ముందు పెట్టుకుని వచ్చిన దారి పట్టారు. వెలుగు వైపు తల తిప్పలేదు.

పైకొచ్చి గట్టు పట్టుకున్నాం. మాస్క్ తీస్తూనే మొదలుపెట్టాను. "డాక్టరుగారూ, నా చేతులు బాగా మొద్దు..."

"నేనడగలేదు" అన్నారు.

ముసలాయన వంగి చూసి, చూశారా అని అడిగాడు. లేదన్నారు. ఆయన గడియారం చూసుకుని, ఇంకా పావుగంట పైన ఉంటుంది, మళ్ళీ దిగితే అందుతుందన్నాడు. ఆవిడ ఒక్కరే దిగరు. దిగితే నేనే తోడు.

"పదండి, దిగుదాం" అన్నాను. "ఇప్పుడు బాగానే ఉన్నాను. నిజంగా."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. తర్వాత సిలిండర్ పట్టీలు విప్పడం మొదలుపెట్టారు.

"ఇందాక నీళ్ళలో నిజం చెప్పావ్. గట్టెక్కి అబద్ధాలాడకు. నేను దిగను."

"ఇంక మళ్ళీ రాలేరు కదండీ. మీకు బాధగా లేదా?"

"ఎందుకు లేదు? ఏడుపొస్తోంది. నీ మూలంగానే పోయింది. పోతే పోయింది. నా బాధ నేను పడతాను. అది తప్పించడానికి నువ్వు చావక్కర్లేదు."

నిజంగానే ఏడ్చారు. రాయి మీద కూర్చుని, తడి జడ ముందుకేసుకుని, నా ఎదురుగానే, ముసలాయన ఎదురుగానే, ముఖం దాచుకోకుండా ఏడ్చారు. ఫరవాలేదులే అని నన్ను ఓదార్చలేదు. ఆ మాట అని ఉంటే నేను జన్మలో మళ్ళీ వేలెత్తేవాణ్ణి కాదు. సారీ అనే మాట నా గొంతులో పది సార్లు లేచింది. అది చెప్పి ఆవిడ చేత ఫరవాలేదనిపించుకోవడం కోసమే లేస్తోందని నాకు తెలుసు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. దూరంగా చీలిక చివర, రాతికప్పు మొదలయ్యే చోట, నీళ్ళు తెల్లగా వెలుగుతున్నాయి. పావుగంటకి మళ్ళీ నల్లబడ్డాయి. అంతసేపూ ఇద్దరం అక్కడే ఉన్నాం. నేను సారీ చెప్పలేదు.